చంపినోడి పేరు, చంపమన్నోడి పేరు

(డిసెంబర్ 9 సాయంత్రం కర్నూలులో న్యాయ విద్యార్థులు, యువ న్యాయవాదుల ముందు ఒక సీనియర్ క్రిమినల్ న్యాయవాది చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. ఆయన మాట తీరు వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు నాయనా, నేను అంత ఎత్తు లేను. ఆ, చాలు.

నన్ను పిలవడానికి వచ్చిన పిల్లలు "పదో తారీఖు మానవ హక్కుల దినం కదా సార్, ముందురోజు సాయంత్రం ఏదైనా మాట్లాడండి" అన్నారు. ఏదైనా ఎందుకు, తొమ్మిదో తారీఖుకి దాని సొంత కథ దానికుంది అన్నాను. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో మానవ హక్కుల ప్రకటన వచ్చింది. బడి పిల్లలు కూడా దాని మీద వ్యాసాలు రాస్తారు. సరిగ్గా ఒకరోజు ముందు, అదే ఊళ్ళో, అదే ఐక్యరాజ్యసమితి సభలో ఇంకో కాగితం పాసైంది. జాతిహననం నేరమని చెప్పిన ఒప్పందం. తమ్ముడి పుట్టినరోజుకి ఊరంతా కేకు, ఒకరోజు ముందు పుట్టిన అన్న ఎవరికీ గుర్తుండడు.

ఆ కాగితం సంగతికి వచ్చే ముందు మన వైపు సంగతి ఒకటి చెప్తాను. ఊరి పేరు చెప్పను, పార్టీల పేర్లు చెప్పను. ముప్పై ఏళ్ళ కిందటి ఫ్యాక్షన్ కేసు. రెండు జీపుల్లో వచ్చారు. ముందు నాటుబాంబులు, పొగలో వేటకొడవళ్ళు. ఇద్దరు పోయారు. నేను డిఫెన్సు వైపు, ఏ-1 తరఫున, అంటే మొదటి ముద్దాయి తరఫున. ఏ-1 ఆ రోజు ఊళ్ళోనే లేడు. అనంతపురంలో పెళ్ళిలో ఉన్నాడు, ఫోటోలు కూడా ఉన్నాయి. ఫ్యాక్షన్ కేసుల్లో ఏ-1 ఎప్పుడూ పెళ్ళిలోనే ఉంటాడు. (నవ్వులు) నవ్వకండి, ఆ ఫోటోలు కోర్టులో పెట్టింది నేనే. ఏ-1 బయటపడ్డాడు. కొడవలి పట్టినవాళ్ళకి యావజ్జీవం పడింది.

తీర్పు రోజు కోర్టు మెట్ల దగ్గర చనిపోయినాయన భార్య నన్ను ఆపింది. తిట్టలేదు, ఏడవలేదు. "సంపినోడు ఎవురో నాకు తెల్దా సార్? వాడు కూలికి వచ్చినోడు. సంపమన్నోడి పేరు ఆ కాగితంలో యాడ రాసినారు, సూపియ్యండి" అనింది. నా చేతిలో తీర్పు కాపీ ఉంది. చూపించడానికి అందులో ఏమీ లేదు.

ఇవాళ నేను చెప్పబోయే లెమ్కిన్ గానీ, నూరెంబర్గ్ గానీ, హేగ్ గానీ, అన్నీ ఆమె అడిగిన ప్రశ్న చుట్టూ తిరిగేవే. కాకపోతే అక్కడ చచ్చింది ఇద్దరు కాదు, లక్షలు. పెళ్ళిలో ఉన్నానని చెప్పేవాళ్ళు మంత్రులు, జనరళ్ళు.

ముందు మాట సంగతి చూద్దాం. మన పత్రికల్లో నరమేధం అంటారు, మారణహోమం అంటారు, ఊచకోత అంటారు. హెడ్డింగులో ఏది పడితే అది. మేధం, హోమం రెండూ యజ్ఞానికి సంబంధించిన మాటలని ఎప్పుడైనా గమనించారా? ఈ పిచ్చి మనకొక్కరికే లేదు. నాజీలు యూదుల్ని చంపినదానికి వాడే హోలోకాస్ట్ అన్న మాటకి కూడా గ్రీకులో అర్థం పూర్తిగా కాల్చి సమర్పించిన బలి అనే. చంపినవాడికి పురోహితుడి హోదా ఇచ్చినట్టు ఉంటుంది, నాకైతే ఆ మాటలు నచ్చవు. జాతిహననం అన్నది కొంచెం పొడిగా ఉన్నా మేలు. కానీ అందులోనూ తిరకాసు ఉంది. మనం భారత జాతి అంటాం, తెలుగు జాతి అంటాం, మంచి జాతి ఎద్దు అని కూడా అంటాం. చట్టం మాత్రం లెక్కపెట్టి నాలుగే చెప్పింది: ఒక దేశీయతకి చెందినవాళ్ళు, ఒక తెగ, ఒక రేస్, ఒక మతం. మతం మన 'జాతి' అనే మాటలో ఇమడదు. కాబట్టి తెలుగు మాట విని అర్థం ఊహించుకోకండి, సెక్షన్ చదవండి.

ఇంగ్లీషు మాట జెనోసైడ్. ఇది పాత మాట అనుకుంటాం, కాదు. 1944లో పుట్టింది, ఒక్క మనిషి పుట్టించాడు. రాఫెల్ లెమ్కిన్. 1900లో, ఇప్పుడు బెలారుస్‌లో ఉన్న ఒక పల్లెలో, యూదు సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టాడు. ల్వీవ్‌లో చదువుకునే రోజుల్లో బెర్లిన్ నుంచి ఒక వార్త వచ్చింది. 1921 మార్చి 15న సొఘొమోన్ తెహ్లీరియన్ అనే ఆర్మీనియన్ కుర్రాడు తలాత్ పాషాని నడివీధిలో కాల్చి చంపాడు. 1915లో ఆటోమన్ సామ్రాజ్యంలో ఆర్మీనియన్లని ఇళ్ళలోంచి లేపి ఎడారి దారుల్లో చావడానికి తోలిన రోజుల్లో హోంమంత్రి ఈ తలాత్ పాషానే. కుర్రాడిని అరెస్టు చేశారు. లెమ్కిన్ తన ప్రొఫెసరుని అడిగాడు: మరి తలాత్‌ని ఎందుకు అరెస్టు చేయలేదు? ప్రొఫెసరు చెప్పిన జవాబు లెమ్కిన్ జీవితాంతం మర్చిపోలేదు. ఒక రైతు దగ్గర కోళ్ళున్నాయి, వాటిని కోసుకుంటాడు, అది అతని ఇష్టం, మధ్యలో నువ్వెవరు అడగడానికి అన్నాడట. ఒక్కణ్ణి చంపితే నేరం, పది లక్షల మందిని చంపితే దేశం సొంత వ్యవహారం.

మనవాళ్ళు కంచే చేను మేస్తే అంటారు చూడండి, అంతర్జాతీయ చట్టంలో అప్పటికి ఆ సామెతకి చోటు లేదు. కంచె ఎవరిదైతే చేను వాళ్ళదే, మేసుకో.

తెహ్లీరియన్‌ని జర్మన్ జ్యూరీ వదిలేసింది. హత్య చేయలేదని కాదు, చేశానని అతనే ఒప్పుకున్నాడు. తలాత్ చేసింది విన్నాక జ్యూరీకి శిక్ష వేయబుద్ధి కాలేదు. వినడానికి బాగుంది కదా? క్రిమినల్ లాయరుగా నాకు మాత్రం భయమేస్తుంది. కోర్టు చేయాల్సిన పని తుపాకీ చేసింది, కోర్టు తలూపింది. ఫ్యాక్షన్ పుట్టేది సరిగ్గా అక్కడే.

1939లో జర్మనీ పోలండ్ మీద పడ్డప్పుడు లెమ్కిన్ పారిపోయాడు. స్వీడన్ చేరాడు. అక్కడ ఏం చేశాడో వినండి, ఇది మీలాంటి జూనియర్లకి పనికొస్తుంది. నాజీలు ఆక్రమించిన దేశాల్లో వాళ్ళే అచ్చేసిన ఉత్తర్వులు, గెజిట్లు పోగేశాడు. ఎవరికి ఎంత రేషన్, ఎవరు ఎవరిని పెళ్ళి చేసుకోకూడదు, ఎవరి ఆస్తి ఎవరికి పోవాలి. ఒక్కొక్కటీ చదివితే మామూలు గుమాస్తా కాగితం. అన్నీ పక్కపక్కన పెడితే ఒక పథకం. అమెరికా చేరాక వాటన్నిటినీ పుస్తకంగా వేశాడు, అందులోనే ఈ కొత్త మాట. గ్రీకులోంచి సగం, లాటిన్‌లోంచి సగం. యుద్ధం అయ్యాక తెలిసింది, సొంత కుటుంబంలోనే 49 మంది పోయారని.

యుద్ధం అయ్యాక నాజీ పెద్దల్ని విచారించిన నూరెంబర్గ్‌లో ఆ మాట చార్జిషీటులో ఉంది, తీర్పులో లేదు. ఇది చాలామందికి తెలియదు. 1946 అక్టోబర్ 1న 12 మందికి ఉరిశిక్ష వేశారు, ముగ్గురిని వదిలేశారు, మిగతావాళ్ళకి జైలు. నేరాల పేర్లు వేరే: దురాక్రమణ, యుద్ధనేరాలు, మానవత్వానికి వ్యతిరేకమైన నేరాలు. లెమ్కిన్‌కి అది పెద్ద దెబ్బ. ఆ యేడాదే ఐక్యరాజ్యసమితి వరండాల్లో ప్రతినిధుల వెంటపడి తిరిగాడు. 1946లో జాతిహననం అంతర్జాతీయ నేరమని తీర్మానం ప్రతిపాదించింది మూడు దేశాలు: క్యూబా, పనామా, ఇండియా. అవును, మనమే. అప్పటికింకా స్వాతంత్ర్యం రాలేదు. ఆ ఏడు మన బృందానికి నాయకురాలు విజయలక్ష్మి పండిట్. దీని సంగతి మళ్ళీ చివర్లో వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నిర్వచనం. హత్య సెక్షన్ మూడొందల రెండు మీకు తెలుసు, ఇప్పుడు నూట మూడు అయింది. హత్యకేసులో ఏం రుజువు చేయాలి? చంపాడు, చంపాలనే చంపాడు. అంతే. జాతిహననంలో ఇంకో మెట్టు ఉంది. ఫలానా సమూహాన్ని, ఆ సమూహం అయినందుకే, పూర్తిగానో కొంత భాగమో లేకుండా చేయాలన్న ఉద్దేశం. చచ్చినవాళ్ళ లెక్క కాదు ముఖ్యం, చంపినవాడి బుర్రలో ఉన్న లెక్క ముఖ్యం. లక్ష మందిని చంపినా ఆ ఉద్దేశం లేకపోతే జాతిహననం కాదు, వేరే ఘోరమైన నేరం. అసలు ఎవరినీ చంపకుండా కూడా జాతిహననం చేయొచ్చు. పిల్లల్ని బలవంతంగా లాక్కుని వేరేవాళ్ళకి ఇచ్చేయడం, పుట్టుకలు ఆపడం కూడా రెండో అధికరణంలోనే ఉన్నాయి. బతకలేని పరిస్థితుల్లోకి కావాలని నెట్టడం ఉంది, దాని దగ్గర నేను కాసేపు ఆగుతాను.

ఉద్దేశం ఎట్లా రుజువు చేస్తారు సార్, ఎవరైనా రాసిపెడతారా అని అడుగుతారు. ఒక్కోసారి రాసిపెడతారు కూడా. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలో వాన్సీ అనే చోట 15 మంది పెద్ద అధికారులు కూర్చుని యూరప్ యూదులందర్నీ ఏం చేయాలో గంటన్నరలో మాట్లాడేసుకున్నారు. మినిట్స్ రాయించారు. 30 కాపీలు తీశారు, యుద్ధం తర్వాత ఒకటి దొరికింది. కానీ అలాంటి అదృష్టం ప్రాసిక్యూషన్‌కి మాటిమాటికీ రాదు. అప్పుడు పరిస్థితుల సాక్ష్యమే దిక్కు. 1984లో మన సుప్రీంకోర్టు శరద్ బిర్ధీచంద్ శారదా కేసులో ఏం చెప్పింది? గొలుసు తెగకూడదు, నేరం తప్ప ఇంకో ఊహకి చోటుండకూడదు. అంతర్జాతీయ కోర్టులున్న హేగ్‌లో జడ్జీలు చెప్పేదీ దాదాపు అదే: జరిగినదాన్నంతా చూస్తే ఆ ఉద్దేశం తప్ప ఇంకొకటి సహేతుకంగా తోచకూడదు. భాష వేరు, మడి కట్టుకోవడం ఒకటే.

ఈ నిర్వచనంలో పెద్ద కన్నం ఒకటుంది. 1946 తీర్మానంలో రాజకీయ సమూహాలు కూడా ఉన్నాయి. రెండేళ్ళ తర్వాత ఒప్పందంలో మాయమయ్యాయి. సోవియట్ యూనియన్ ఒప్పుకోలేదు, ఆ ఒక్క దేశమే కాదు, ఇంకా కొన్ని దేశాలకి కూడా లోలోపల అదే కోరిక. ఎవరి ప్రతిపక్షాలు వాళ్ళకున్నాయి కదా. ఫలితం కంబోడియాలో చూశాం. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ పాలనలో సుమారు 17 లక్షల మంది పోయారు. చంపినవాళ్ళదీ చచ్చినవాళ్ళలో ఎక్కువమందిదీ ఒకే జాతి, ఒకే భాష. 2018లో కోర్టు జాతిహననం అన్నది చామ్ ముస్లింల విషయంలో, వియత్నామీయుల విషయంలో మాత్రమే. మిగతా ఖ్మేర్ జనం చావులన్నీ మానవత్వానికి వ్యతిరేకమైన నేరాల కింద.

దీనికి చాలామంది నొచ్చుకుంటారు. మా చావులు తక్కువయ్యాయా అని. ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోకపోయినా పరవాలేదు. మానవత్వానికి వ్యతిరేకమైన నేరం సెకండ్ క్లాసు టికెట్టు కాదు. నూరెంబర్గ్‌లో మరణశిక్షలు పడింది జాతిహననం అన్న పేరు లేకుండానే. ఇప్పుడు ఎక్కడ యుద్ధం జరిగినా టీవీ చర్చ మొత్తం ఆ ఒక్క మాట అనాలా వద్దా అన్నదాని మీదే నడుస్తుంది. 1994 జూన్‌లో రువాండాలో రోజుకి వేలల్లో చస్తుంటే అమెరికా విదేశాంగ శాఖ ప్రతినిధి 'జాతిహననపు చర్యలు' జరిగాయన్నారు, జాతిహననం అనలేదు. ఎన్ని చర్యలు కలిస్తే ఒక జాతిహననం అవుతుంది మేడమ్ అని ఒక విలేఖరి అడిగాడు. దానికి జవాబు చెప్పే స్థానంలో తాను లేనన్నారు. ఆ మాట అంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని భయం. అంతకు ముందే, ఏప్రిల్ 21న, భద్రతామండలి అక్కడున్న శాంతిసేనని 270 మందికి తగ్గించేసింది.

సరే, నీళ్ళ దగ్గరికి వద్దాం. బతకలేని పరిస్థితులు అన్నానే. ఇది మన రాయలసీమ వాళ్ళకి చెప్పనక్కర్లేదు. 1904లో ఇప్పటి నమీబియా జర్మనీ వలస. హెరెరో తెగ తిరగబడింది. ఆగస్టులో వాటర్‌బర్గ్ దగ్గర ఓడించాక జర్మన్ సైన్యం వాళ్ళని ఒమహెకె ఎడారిలోకి తోలింది. నీటిగుంటల దగ్గర కాపలా పెట్టింది. అక్టోబర్ 2న సేనాధిపతి ఫాన్ ట్రోఠా ఉత్తర్వు ఇచ్చాడు: జర్మన్ సరిహద్దుల్లో కనిపించిన ప్రతి హెరెరోనీ కాల్చేస్తాం అని. కాగితం మీద ఉంది. తుపాకీతో పోయినవాళ్ళు కొందరు, దాహంతో పోయినవాళ్ళు వేలు. జర్మనీ దాన్ని జాతిహననమని ఒప్పుకున్నది 2021లో. అదీ 'ఈనాటి దృష్టితో చూస్తే' అన్న తోకతో. 30 ఏళ్ళలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది, పరిహారం అన్న మాట మాత్రం వాడలేదు. హెరెరోల వారసుల్లో, వాళ్ళలాగే నష్టపోయిన నామా తెగ వారసుల్లో చాలామంది మమ్మల్ని అడక్కుండా మా చావుకి బేరం ఏమిటి అన్నారు.

ఇక్కడికి వచ్చేసరికి నాకు ప్రతిసారీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. పోయిన నెల కడపలో ఒక పిల్లవాడు కూడా అడిగాడు: మరి ధాత కరువు సంగతేంటి సార్? 1876లో ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు తుడిచిపెట్టుకుపోయాయి. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి కర్నూలు జిల్లా అంకె చూడండి, గుండె జారుతుంది. జనం రోడ్ల పక్కన రాలిపోతుంటే బ్రిటిష్ సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, సహాయ పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకి 450 గ్రాముల ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. మద్రాసు రేవు నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా మహారాణిని చక్రవర్తినిగా ప్రకటించిన దర్బారూ ఆగలేదు.

మా ముత్తవ్వ ఆ కరువు కథలు తన అమ్మ దగ్గర విన్నవి చెప్పేది. అందుకని కోపం నాకు తక్కువేం కాదు. కానీ ఆ కుర్రాడికి నేను చెప్పిన జవాబు ఇది: ఆ ఫైలు జాతిహననం సెక్షన్ కింద నా చేతికిస్తే నేను గెలవలేను. టెంపుల్ మనసులో సీమ జనాన్ని లేకుండా చేయాలన్న ఉద్దేశం ఉందని చూపలేను. అతని బుర్రలో ఉన్నది ఖజానా లెక్క. జనం చస్తారని తెలుసు, తెలిసీ కూలి తగ్గించాడు. అది ఏ నేరం కాదని నేను అనను. పేరు తప్పు పెడితే ముద్దాయి తప్పించుకుంటాడు అంటున్నాను. పోస్టుమార్టం రిపోర్టులో కత్తి గాయం ఉంటే మనం చార్జిషీటులో తుపాకీ రాయం కదా.

రువాండాకి మళ్ళీ వెళ్దాం, ఎందుకంటే నిర్వచనం కోర్టులో మొదటిసారి నలిగింది ఆ కేసుల్లోనే. చంపిన హుటూలు, చచ్చిన టుట్సీలు ఒకే భాష మాట్లాడతారు, ఒకే దేవుణ్ణి మొక్కుతారు, ఒకే కొండ మీద పక్కపక్క ఇళ్ళలో ఉంటారు. మరి వేరే తెగ ఎట్లా అవుతారు? టాంజానియాలోని ఆరూషాలో కూర్చున్న అంతర్జాతీయ ట్రైబ్యునల్‌కి ఇది నిజంగానే ఇరకాటం. జవాబు జేబుల్లో దొరికింది. బెల్జియం పాలన రోజుల నుంచీ ప్రతి మనిషికీ గుర్తింపు కార్డు, దాని మీద జాతి ముద్ర. రోడ్డు మీద అడ్డం పెట్టి కార్డు చూసి, టుట్సీ అని ఉంటే పక్కకి లాగి నరికేవాళ్ళు. నూరు రోజుల్లో 8 లక్షల మందో, అంతకు ఎక్కువో. ప్రభుత్వం రాసిచ్చిన కాగితమే సమూహాన్ని తయారు చేసింది.

మొదటి ముద్దాయి జాన్ పాల్ అకయేసు, టాబా అనే ఊరి మేయరు. వింత ఏమిటంటే మొదటి రెండు వారాలు అతను తన ఊళ్ళో గొడవలు జరగకుండా ఆపాడు. ఏప్రిల్ 18న పైవాళ్ళతో మీటింగు జరిగింది. అక్కడి నుంచి వచ్చాక మారిపోయాడు. ఆపగలిగినవాడు ఆపలేదు అన్నదానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మొదట చార్జిషీటులో అత్యాచారాల ఊసే లేదు. ఒక తల్లి బోనులో నిలబడి వేరే సంగతి చెబుతూ తన ఆరేళ్ళ కూతురికి జరిగింది చెప్పింది. బెంచి మీద ఒకే మహిళా జడ్జి, నవీ పిళ్లై. డర్బన్‌లో పుట్టిన తమిళ మూలాలావిడ. ఆవిడ ప్రశ్నలు వేశారు. ఇంకో సాక్షి కూడా చెప్పింది. చార్జిషీటు సవరించారు. 1998 సెప్టెంబర్ 2న వచ్చిన తీర్పు రెండు విధాలుగా మొదటిది. ఒక అంతర్జాతీయ కోర్టు జాతిహననానికి శిక్ష వేయడం మొదటిసారి, అత్యాచారం కూడా జాతిహననపు సాధనమే అని చెప్పడమూ మొదటిసారి. బెంచిలో ఆవిడ లేకపోతే ఆ రెండోది రాసేవారా? నాకు అనుమానమే.

ఆరూషాలో మంత్రుల్ని, రేడియో వాళ్ళని విచారించారు. టుట్సీలని బొద్దింకలు అని రోజూ వాగిన రేడియో అది. మరి కొడవలి పట్టిన లక్షల మంది సంగతి? వాళ్ళకోసం రువాండా గచాచా అని మొదలుపెట్టింది. ఆ మాటకి గడ్డి అని అర్థం. మన రచ్చబండ అనుకోండి, చెట్టు బదులు గడ్డి. 12 వేల దాకా ఊరి కోర్టులు, 2012లో మూసేసేనాటికి దాదాపు 20 లక్షల కేసులు. లాయర్లకి ప్రవేశం లేదు. (నవ్వులు) అందుకే అంత తొందరగా అయ్యాయేమో. కానీ లోపాలు చిన్నవి కావు. పగ ఉన్నవాడు పేరు చెబితే చాలు ఇరుక్కున్నవాళ్ళున్నారు. గెలిచిన పక్షం సైనికులు చేసిన చంపుళ్ళు ఆ గడ్డి మీదకి రానేలేదు.

ఇప్పటి కోర్టుల గురించి గబగబా చెప్పేస్తాను. హేగ్‌లో రెండున్నాయి, టీవీలో రెండూ కలిపేస్తారు. ఐసీజే, అంటే అంతర్జాతీయ న్యాయస్థానం, దేశం మీద దేశం వేసే దావా, మన సివిల్ కోర్టు అనుకోండి. రోహింగ్యాల గురించి గాంబియా మయన్మార్ మీద వేసింది, గాజా గురించి దక్షిణాఫ్రికా ఇజ్రాయెల్ మీద వేసింది. ఐసీసీ, అంటే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, మనిషి మీద క్రిమినల్ కేసు. పుతిన్ మీద, నెతన్యాహు మీద, హమాస్ నాయకుడి మీద వారెంట్లు ఇచ్చింది ఇదే. వాటిల్లో దేనిలోనూ జాతిహననం అన్న ఆరోపణ లేదు. ఆ ఆరోపణతో వారెంటు వచ్చిన దేశాధినేత సూడాన్ బషీర్. 2015లో దక్షిణాఫ్రికా వెళ్ళి, అక్కడి కోర్టు కదలొద్దన్నా వినకుండా విమానమెక్కి వచ్చేశాడు. ఐసీసీకి సొంత పోలీసులు లేరు. నాన్ బెయిలబుల్ వారెంటు ఇచ్చి, పట్టుకురమ్మని ముద్దాయి బావమరిదికే చెప్పినట్టు ఉంటుంది.

మనం ఐసీసీలో లేం. 1998లో రోమ్‌లో ఓటింగుకి దూరంగా ఉన్నాం. భద్రతామండలికి కేసులు పంపే, ఆపే అధికారం ఎందుకని, అణ్వాయుధాలు ఎందుకు చేర్చలేదని మన వాదన. మొదటిదానిలో న్యాయం లేకపోలేదు. కానీ 1946లో ఆ తీర్మానం తెచ్చిన దేశం మనది అని చెప్పాను కదా, ఇది చూడండి. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది మన దేశానికి వచ్చారు. యుద్ధం తర్వాత 93 వేల మంది పాకిస్తాన్ బందీలు మన చేతిలో ఉన్నారు. వాళ్ళలో 195 మందిని జాతిహననం, యుద్ధనేరాలకి విచారిస్తామని బంగ్లాదేశ్ అంది. 1973లో పాకిస్తాన్ మన మీద ఐసీజేకి వెళ్ళింది. ఏ ఒప్పందం కింద? ఈ జాతిహనన ఒప్పందం కిందే! విచారించే హక్కు మాదే అని. మనం 1959లో ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు, మా అనుమతి లేకుండా ఐసీజేకి వెళ్ళకూడదని ఒక మెలిక పెట్టుకున్నాం. దాన్ని చూపించి ఆ కోర్టుకి అధికారం లేదన్నాం. ఆఖరికి పాకిస్తానే కేసు వెనక్కి తీసుకుంది. 1974 ఏప్రిల్‌లో ఢిల్లీలో మూడు దేశాల ఒప్పందం, 195 మందీ ఇంటికి. ఒక్కడి మీదా విచారణ జరగలేదు. శాంతి కోసం అన్నారు. కావొచ్చు.

ఒప్పందం ప్రకారం దేశంలోపల చట్టం చేయాలి. ఇవాళ్టికీ మనం చేయలేదు. 2018 డిసెంబర్‌లో 1984 సిక్కుల హత్యల కేసులో ఢిల్లీ హైకోర్టు ఇదే రాసింది: జాతిహననం గానీ మానవత్వానికి వ్యతిరేకమైన నేరం గానీ మన శిక్షాస్మృతిలో లేవు, ఈ కన్నాన్ని వెంటనే పూడ్చాలి అని. కొత్తగా న్యాయసంహిత వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి, మనందరికీ మళ్ళీ బట్టీ పట్టే పని పెట్టారు. ఆ కన్నం మాత్రం అలాగే ఉంది.

వేరే దేశాల్లో నేరం జరిగినా మేం విచారిస్తాం అనే చట్టం కొన్ని దేశాల్లో ఉంది. 2021 నవంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు ఐసిస్ మనిషి ఒకడికి జాతిహననం కింద యావజ్జీవం వేసింది. ఇరాక్‌లో కొనుక్కున్న, యజీదీ అనే చిన్న మతానికి చెందిన ఐదేళ్ళ పిల్లని, పక్క తడిపిందని, ఎండలో కిటికీకి కట్టేశాడు. దాహంతో చనిపోయింది. మే నెలలో మన నంద్యాల ఎండలో ఒక గంట నిలబడినవాళ్ళకి ఆ వాక్యం వేరేగా అర్థమవుతుంది. ఒక్క పిల్ల. అయినా జాతిహననం. ఎందుకంటే యజీదీలని లేకుండా చేయాలన్న పథకంలో ఆ పిల్ల ఒకతి అని రుజువైంది.

చివరిగా స్రెబ్రెనిత్సా. 1995 జూలై 11, బోస్నియా. ఐక్యరాజ్యసమితి 'సురక్షిత ప్రాంతం' అని బోర్డు పెట్టిన ఊరు బోస్నియా సెర్బుల చేతికి చిక్కింది. కొద్దిరోజుల్లో 8 వేలకి పైగా ముస్లిం మగవాళ్ళని, మగపిల్లల్ని చంపేశారు. ఆడవాళ్ళని బస్సులెక్కించి పంపేశారు కదా, మరి జాతిహననం ఎట్లా అన్నారు డిఫెన్సు లాయర్లు. నేనైనా అదే అనేవాణ్ణి. యుగోస్లావియా నేరాల కోసం హేగ్‌లో విడిగా పెట్టిన ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు. మగవాళ్ళే లేకపోతే ఆ ఊళ్ళో ఆ సమాజం మళ్ళీ మొలకెత్తదని వాళ్ళకి తెలుసు అంది.

ద్రాజెన్ ఎర్దెమోవిచ్ అనే సైనికుడు తనంతట తాను ఒప్పుకున్నాడు. జూలై 16న ఒక వ్యవసాయ క్షేత్రంలో బస్సులు బస్సులుగా తెచ్చినవాళ్ళని కాల్చామని, తాను డెబ్బై మంది దాకా చంపి ఉంటానని చెప్పాడు. మొదట నా వల్ల కాదన్నాడట, అంత జాలిగా ఉంటే నువ్వూ వెళ్ళి వాళ్ళ వరసలో నిలబడు అన్నారట. ఐదేళ్ళ శిక్ష వేసి, పైవాళ్ళ మీద సాక్షిగా వాడుకున్నారు. అప్రూవర్ అన్నమాట. అంతమందిని చంపినవాడికి ఐదేళ్ళేనా అని మీకు అనిపిస్తే తప్పు లేదు. కానీ కొడవలి పట్టినవాడి నోరు విప్పించకుండా ఏ-1 దాకా ఎవరూ వెళ్ళలేదు. బోస్నియా సెర్బుల నాయకుడు కరాజిచ్‌కి, వాళ్ళ సేనాధిపతి మ్లాదిచ్‌కి యావజ్జీవం పడిన దారిలో అతని సాక్ష్యం కూడా ఉంది. కరాజిచ్ 2008లో దొరికేనాటికి బెల్‌గ్రేడ్‌లో గడ్డం పెంచి, పేరు మార్చి, ప్రకృతి వైద్యం చేసుకుంటున్నాడు. పెళ్ళి ఫోటోలకి పెద్దన్న.

ఇంకో సాక్షి ఉంది. మనిషి కాదు. జూలై 16నే సైన్యం వైర్‌లెస్‌లో ఒక మాట దొరికింది. పొపోవిచ్ అనే లెఫ్టినెంట్ కల్నల్‌కి 500 లీటర్ల డీజిల్ పంపండి, లేకపోతే ఆయన చేస్తున్న పని ఆగిపోతుంది. ఏ పని అన్నది ఎవరూ చెప్పలేదు. తర్వాత సైన్యం రికార్డుల్లో ఆ 500 లీటర్ల డీజిల్ పంపిన చీటీ కూడా దొరికింది. తేదీ కలిసింది, లీటర్లు కలిశాయి. బస్సులు ఎక్కడి నుంచి ఎక్కడికి తిరిగాయో వాటి పుస్తకాల్లో ఉంది. క్రిస్తిచ్ అనే జనరల్ మీద కేసులో ఆ చీటీ కూడా ఒక మేకు. శవాల్ని తవ్వి తీసి, వేరే గుంటల్లోకి మార్చి దాచారు. డీజిల్ లెక్క దాచడం ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే అది స్టోరు గుమాస్తా పని.

ఆ తీర్పు మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కూర్చున్నాను. మా కేసులో రెండు జీపులు నలభై కిలోమీటర్లు వచ్చాయి, నలభై కిలోమీటర్లు తిరిగి వెళ్ళాయి. మధ్యలో ఒకటే బంకు. ఆ రోజుల్లో బంకుల్లో పెద్దవాళ్ళకి ఖాతా పుస్తకం ఉండేది, ఎవరి పేరు మీద పోయమంటే వాళ్ళ పేరు మీద రాసేవాళ్ళు. ఆ పుస్తకం దర్యాప్తులో ఎవరూ అడగలేదు. నేను అడగలేదు, అడక్కపోవడమే నాకిచ్చిన ఫీజు. ఆ బంకు ఇప్పటికీ ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా డీజిల్ పోయించుకుని చీటీ రాయించుకుంటాను. ఈ కాలంలో చీటీ ఎందుకు సార్, ఫోన్‌పే చేశారు కదా అంటాడు మా డ్రైవరు.